ఆరోగ్య కార్డు మీద వ్రాసిన సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

గేదెకు జబ్బు చేస్తే పశువైద్యునికి, మందుల దుకాణానికి డబ్బు మన చేతులతోనే ఇస్తాము. ఎంత ఖర్చయినది, ఎవరికి ఇచ్చినది మనకు తెలిసి ఉంటుంది. మనిషికి గుండె ఆపరేషను జరిగినప్పుడు మాత్రం అలా కాదు. కార్డు చూపిస్తాము, వేలిముద్ర వేస్తాము, ఆపరేషను అవుతుంది, ఇంటికి వస్తాము. ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో, ఎప్పుడు చెల్లించారో మనము అడగము. అడగవలసిన అవసరము కూడా చాలాకాలం రాలేదు.

ఇప్పుడు వచ్చినది. 2024 మే 22న మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు కార్డు మీద వైద్యం నిలిపివేసినవి. తమకు రు. 1,500 కోట్లు బాకీ ఉన్నదని ఆసుపత్రుల సంఘం అప్పుడు చెప్పినది. 2025 అక్టోబరు 10న మరల అదే జరిగినది. ఆ సారి బాకీ సుమారు రు. 2,700 కోట్లు అన్నారు. దాదాపు మూడు వారాలు సేవలు ఆగినవి. ఈ మధ్యకాలంలో రాష్ట్రంలో ప్రభుత్వం మారినది, పథకం పేరు మారినది. కార్డుదారునికి ఎదురైన సమాధానం మాత్రం మారలేదు: "బిల్లులు రాలేదండీ, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి."

కార్డు మీద రు. 25 లక్షల వరకు వైద్యం అని ఉన్నది. ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉన్నది, డాక్టరు ఉన్నాడు. అయినా వైద్యం జరగలేదు. ఇది ఎందుకు జరుగుతుందో, ఇందులో ఢిల్లీ పాత్ర ఎంత, అమరావతి పాత్ర ఎంత అనేది సభ్యులకు తెలియటం అవసరం. లెక్క కొంచెం మెలికలు తిరిగి ఉంటుంది గాని, వెన్న శాతాన్ని బట్టి పాల ధర కట్టుకోగలిగినవారికి ఇది అర్థం కానిది కాదు.

ముందు మన పాల బిల్లు సంగతి తలచుకుందాము. సంఘంలో పోసిన పాలకు గడువు నాటికి బిల్లు రావాలి. పైనుంచి డబ్బు ఆలస్యమైతే కార్యదర్శి ఒక బిల్లు వరకు నచ్చచెప్పగలడు. రెండవ బిల్లూ ఆగితే దాణా కొట్టువాడు అప్పు ఇవ్వడు. మూడవ బిల్లు నాటికి ప్రైవేటు పాల వ్యాపారి క్యాను పట్టుకొని వాకిట్లో నిలబడి ఉంటాడు. పాల ధర తగ్గించినట్లు ఎవరూ ప్రకటించలేదు. లీటరుకు ఒక్క పైసా కూడా కోత పడలేదు. అయినా సంఘానికి పాలు రావటం ఆగిపోతుంది. ఆసుపత్రుల విషయంలో జరిగినది సరిగ్గా ఇదే.

పథకం మొదట ఎవరిది?

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో మొదలైనది. అదే సంవత్సరం డిసెంబరులో రెండవ విడతగా మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలకు వచ్చినది. తెల్ల రేషను కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అది చాలకపోతే మరొక రు. 50 వేలు. మొదట్లో స్టార్ హెల్త్ అనే ఇన్సూరెన్సు కంపెనీకి ప్రభుత్వం ప్రీమియం కట్టేది. తరువాత కంపెనీని తప్పించి, ప్రభుత్వ ట్రస్టే నేరుగా ఆసుపత్రులకు చెల్లించే పద్ధతి వచ్చినది.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటి ఉన్నది. ఆ రోజులలో ఈ పథకంలో ఢిల్లీ సొమ్ము లేదు. మొత్తం రాష్ట్ర ఖజానా నుంచే. అందువలన పథకం ఎవరికి వర్తించాలి, ఎన్ని జబ్బులకు వర్తించాలి అన్నది రాష్ట్రం తన ఇష్టప్రకారం పెంచుకుంటూ పోయినది. 2014 తరువాత పరిమితి రెండున్నర లక్షలు అయినది, ఆ తరువాత 5 లక్షలు. 2020 జనవరి 3న ఏలూరులో కొత్త రూపం ప్రారంభమై, మొదటి ప్రయోగంగా పశ్చిమ గోదావరి జిల్లాలో 2,059 చికిత్సలకు వర్తించినది. ఏడాదికి రు. 5 లక్షల లోపు ఆదాయం ఉన్నవారందరినీ చేర్చారు. 2022లో చికిత్సల సంఖ్య 3,257కు పెరిగినది. 2023 డిసెంబరు 18న పరిమితి రు. 25 లక్షలు చేశారు. రాజీవ్ ఆరోగ్యశ్రీ ఎన్.టి.ఆర్. వైద్యసేవగా, తరువాత వై.ఎస్.ఆర్. ఆరోగ్యశ్రీగా, 2024లో మరల ఎన్.టి.ఆర్. వైద్యసేవగా మారినది. పేరు మార్చటానికి బోర్డులు చాలును. పరిమితి పెంచిన మేరకు నిధి పెంచటానికి మాత్రం బోర్డులు చాలవు.

ఢిల్లీ ఎక్కడ వచ్చి చేరినది?

2018 సెప్టెంబరు 23న కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రారంభించినది. కుటుంబానికి ఏడాదికి రు. 5 లక్షలు. ఖర్చులో కేంద్రం నూటికి 60, రాష్ట్రం 40. మన రాష్ట్రంలో దీనిని వేరే పథకంగా నడపకుండా ఆరోగ్యశ్రీలోనే కలిపి నడుపుతున్నారు. కావున "నూటికి అరవై ఢిల్లీయే ఇస్తున్నది గదా, మరి బాకీ ఎందుకు పడింది?" అని సభ్యులు అడగవచ్చు.

ఆ అరవై మన మొత్తం బిల్లు మీద అరవై కాదు. కేంద్రం లెక్కలో ఉన్న కుటుంబాల మీద మాత్రమే, అది కూడా ఒక హద్దు వరకే. ఆ కుటుంబాలను 2011లో జరిగిన సామాజిక, ఆర్థిక, కులగణన ప్రకారం ఎంచారు. ఆ గణనలో కొన్ని వస్తువులున్న ఇళ్లను ముందే పక్కన పెట్టారు. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే జాబితాలో చోటు లేదు. ల్యాండ్ ఫోను ఉంటే లేదు. మూడు గదుల పక్కా ఇల్లు ఉంటే లేదు. రు. 50 వేలు, ఆపైన పరిమితి గల కిసాన్ క్రెడిట్ కార్డు ఉంటే లేదు. మోటారు సైకిలు ఉన్నా లేదు. పాల క్యాను కట్టుకొని తెల్లవారుజామున సంఘానికి పోవటానికి కొన్న బండి ఒక కుటుంబాన్ని కేంద్రం దృష్టిలో పేదల లెక్కనుంచి తీసివేసినది అన్నమాట. మన డెల్టాలో ఇటువంటి పాడి కుటుంబాలు ఎన్ని ఉంటాయో సభ్యులే ఊహించగలరు. వారికి కార్డు రాష్ట్రమే ఇచ్చినది. వారి వైద్యం ఖర్చులో ఢిల్లీ వాటా సున్న.

ఇక రెండవ హద్దు. పథకం మొదలైనప్పుడు ఒక్కొక్క కుటుంబానికి ఏడాదికి సుమారు రు. 1,050 ఖర్చవుతుందని కేంద్రం అంచనా వేసి, తన అరవై శాతాన్ని ఆ అంచనా మీద కట్టినది. అనగా కుటుంబానికి సుమారు రు. 630. అంతకు మించి ఎంత ఖర్చయినా రాష్ట్రానిదే. కేంద్రం రు. 5 లక్షల దగ్గర ఆగుతుంది, మన కార్డు మీద 25 లక్షలు ఉన్నది. ఆ మధ్యనున్న 20 లక్షల బాధ్యత కూడా రాష్ట్రం తలకెత్తుకున్నదే.

అందుచేత ఢిల్లీలో ఒక రూపాయి తగ్గితే ఇక్కడ సరిగ్గా ఒక రూపాయి వైద్యం తగ్గుతుందని లెక్క కట్టటానికి వీలులేదు. తగ్గుదల వేరు వేరు దారుల్లో వస్తుంది. కొన్ని దారులకు ఆరోగ్యశాఖ అన్న బోర్డు కూడా ఉండదు.

హెడ్ స్లూయిస్ వద్ద తగ్గిన నీరు

డెల్టా రైతుకు దీనిని కాలువ లెక్కలో చెప్పటం సులువు. దాళ్వాలో గోదావరిలో నీరు తగ్గినప్పుడు ధవళేశ్వరం వద్ద వదిలే నీరు తగ్గిస్తారు. ఎగువన తూము పక్కనున్న చేనుకు ఆ సంగతి తెలియదు. శివారు భూములలో మడి బీట వారినప్పుడు తెలుస్తుంది. శివారు రైతు తన ఊరి లస్కరుతో తగవు పడతాడు. నీరు తగ్గినది అక్కడెక్కడో అని లస్కరుకు తెలిసినా అతను చేయగలిగినది ఏమీ లేదు. ఆరోగ్య నిధులకు కూడా ఇటువంటి తూములు ఉన్నవి.

మొదటిది, వాటాల మార్పు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఖర్చంతా కేంద్రానిది. 2007 తరువాత నూటికి 15 రాష్ట్రం పెట్టవలసి వచ్చినది. 2012 తరువాత అది 25 అయినది. 2015-16 నుంచి 40. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, టీకాలు, ప్రసవ సేవలు, ఆశా కార్యకర్తల పారితోషికం, మన జిల్లాలను తరతరాలుగా పీడించిన బోదకాళ్ల జబ్బుకు మందుల పంపిణీ వంటివి ఈ మిషన్ నీడన నడిచే పనులు. పని అదే, ఊరు అదే, రాష్ట్రం భరించే భాగం మాత్రం ఎనిమిదేళ్లలో 15 నుంచి 40కి చేరినది. దీనికి తోడు 2014-15లో సంవత్సరం మధ్యలో కేంద్రం తన ఆరోగ్య బడ్జెట్టులో సుమారు రు. 6 వేల కోట్లు కోసివేసినది. అది దాదాపు అయిదవ వంతు.

ఇది ఇన్సూరెన్సు సంగతి కాదు గదా అని కొందరనవచ్చు. పొదుగువాపు మొదటి రోజున గుర్తిస్తే మందుతో పోతుంది. వారం తరువాత గుర్తిస్తే ఒక చన్ను పోవచ్చు, గేదె ఆ ఈత పాలకు పనికిరాకపోవచ్చు. మనిషికి రక్తపోటు, చక్కెర జబ్బు ఊరి ఆరోగ్య కేంద్రంలో కనిపెట్టి మాత్రలు ఇస్తే ఖర్చు అతి స్వల్పం. కనిపెట్టకపోతే కొన్నేళ్లకు అది కిడ్నీ జబ్బుగా, గుండెపోటుగా మారి ఆరోగ్యశ్రీ బిల్లుగా వచ్చి కూర్చుంటుంది. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్, అది కూడా జీవితాంతం. క్రింది మెట్టు వద్ద చేసిన పొదుపు పై మెట్టు వద్ద అప్పుగా తేలుతుంది.

రెండవది, వాయిదాల పద్ధతి. కేంద్ర పథకాల సొమ్ము ఒకేసారి రాదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం నూటికి 25 చొప్పున వాయిదాలుగా వస్తుంది. వచ్చిన వాయిదాను రాష్ట్రం గడువులోపల ప్రత్యేక ఖాతాకు జమచేసి, తన 40 భాగాన్ని దానికి కలిపి, ఖర్చు చేసి లెక్క చూపాలి. అప్పుడే తరువాతి వాయిదా. నియమం మంచిదే. కేంద్రం ఇచ్చిన సొమ్మును వేరే పనులకు వాడుకునే అలవాటు రాష్ట్రాలకు ఉన్నందునే అది పుట్టినది. కాని చేతిలో డబ్బు లేని రాష్ట్రం తన 40 వేయలేకపోతే ఢిల్లీ 60 కూడా అక్కడే నిలిచిపోతుంది. నూరు రావలసిన చోట ఏమీ రాదు. ఢిల్లీ పుస్తకాలలో అది కోతగా కనబడదు, "ఖర్చు కాలేదు" అని కనబడుతుంది. 2019-20లో ఆయుష్మాన్ భారత్‌కు మొదట రు. 6,400 కోట్లు కేటాయించి, సవరించిన అంచనాలలో రు. 3,200 కోట్లకు తగ్గించారు. మరుసటి సంవత్సరం కూడా 6,400 కోట్లు చూపి 3,100 కోట్లకు దించారు. ఆ రెండవ ఏడాది కరోనా వలన మామూలు ఆపరేషనులు తగ్గిన మాట నిజమే. ఆ తరువాత కేటాయింపు పెరుగుతూ వచ్చి 2025-26 బడ్జెట్టులో రు. 9,406 కోట్లు అయినది. కాబట్టి కేంద్రం ఏటేటా కోస్తూ పోతున్నదనటం సరికాదు. అయితే ఫిబ్రవరిలో చదివిన అంకె, తరువాత సవరించిన అంకె, చివరకు చేరిన సొమ్ము మూడూ వేరని తెలుసుకోవాలి. పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చేది మొదటి అంకె ఒక్కటే.

మూడవది అన్నింటికంటె పెద్దది, అందరికంటె తక్కువగా కనబడేది. అది పన్నుల వాటా. ఆదాయపు పన్ను వంటి పన్నులు కేంద్రం వసూలుచేసి, పంచవలసిన మొత్తంలో కొంత భాగం రాష్ట్రాలకు ఇస్తుంది. ఎంత ఇవ్వాలో అయిదేళ్లకొకసారి ఆర్థిక సంఘం చెబుతుంది. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి నూటికి 42 ఇవ్వమన్నది. అంతకుముందు 32 మాత్రమే. న్యాయంగా చెప్పాలంటే, ఆరోగ్య మిషన్‌లో రాష్ట్రం వాటా 40కి పెంచినప్పుడు కేంద్రం చెప్పిన కారణం ఇదే: మీకు పన్నుల వాటా పెంచాము గనుక ఇక మీరే ఎక్కువ భరించండి అని. 15వ ఆర్థిక సంఘం దానిని 41 చేసినది. ఆ ఒక్కటి తగ్గటానికి కారణం జమ్ము కాశ్మీరు రాష్ట్రం కేంద్రపాలిత ప్రాంతం కావటం. కాని రాష్ట్రాల మధ్య పంపకంలో మన భాగం కూడా 4.305 శాతం నుంచి 2021-26 కాలానికి 4.047 శాతానికి దిగినది. రెండూ గుణించి చూస్తే, పంచే ప్రతి నూరు రూపాయలలో మనకు ఒక రూపాయి 81 పైసలు వచ్చే చోట ఒక రూపాయి 66 పైసలు వచ్చినవి. పదిహేను పైసలే గదా అనిపిస్తుంది. పంచే మొత్తం లక్షల కోట్లలో ఉంటుంది.

పైగా పంచవలసిన అవసరం లేని వసూళ్లు కొన్ని ఉన్నవి. సెస్సులు, సర్‌ఛార్జీలు ఆ కోవలోనివి. ఆదాయపు పన్ను మీద 4 శాతం "ఆరోగ్య, విద్యా సెస్సు" 2018 నుంచి వసూలవుతున్నది. పేరులోనే ఆరోగ్యం ఉన్నది. అందులో రాష్ట్రానికి హక్కుగా వచ్చే వాటా ఏమీ లేదు. కేంద్రం తన పథకాల ద్వారా ఇచ్చినంత, ఇచ్చినప్పుడు, వారి షరతుల మీద వస్తుంది.

మన రాష్ట్రానికి ప్రత్యేకంగా తగ్గినది మరొకటి ఉన్నది. 15వ ఆర్థిక సంఘం ఆంధ్రప్రదేశ్‌కు రెవెన్యూ లోటు పూడ్చటానికి 2021-22లో రు. 17,257 కోట్లు, 2022-23లో రు. 10,549 కోట్లు, 2023-24లో రు. 2,691 కోట్లు సిఫారసు చేసినది. 2024-25, 2025-26 సంవత్సరాలకు ఏమీ లేదు. ఈ సొమ్ముకు ఆరోగ్యం అన్న పేరు లేదు. కాని ఖజానాలో అన్ని కాలువల నీరు ఒకే చెరువులో పడుతుంది. చెరువుమట్టం తగ్గుతున్న ఆ చివరి సంవత్సరంలోనే, అనగా 2023 డిసెంబరులో, ఇక్కడ కార్డు పరిమితి 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. ఆ నిర్ణయం ఢిల్లీది కాదు.

ఎవరి బిల్లు ముందు, ఎవరిది వెనుక

చెరువుమట్టం తగ్గినప్పుడు ఖజానా అధికారి ఏమి చేస్తాడు? ఉద్యోగుల జీతాలు ఆపితే ఆ నెలలోనే గగ్గోలు. పింఛనులు ఆపితే ఊరూరా గగ్గోలు. అప్పుల మీద వడ్డీ ఆపటానికి అసలే వీలులేదు. ఆసుపత్రి బిల్లు ఒక నెల ఆపితే ఎవరికీ తెలియదు. రోగికి వైద్యం అప్పటికే జరిగిపోయినది, ఇంటికి వెళ్లిపోయినాడు. అడిగేవాడు ఆసుపత్రి యజమాని ఒక్కడే. కనుక ఆగేది ఆ బిల్లు. మూడు నెలలు, ఆరు నెలలు ఆగిన తరువాత మందుల సరఫరాదారు ఆసుపత్రికి అప్పు ఇవ్వడు, స్టెంటులు పంపే కంపెనీ రొక్కం అడుగుతుంది. పెద్ద నగరాలలోని కార్పొరేటు ఆసుపత్రి రొక్కం ఇచ్చే రోగులతో నెట్టుకురాగలదు. చిన్న పట్టణంలోని ముప్పై, నలభై పడకల నర్సింగు హోముకు కార్డు రోగులే ప్రధానమైతే అది నిలబడలేదు. మన పల్లెలకు దగ్గర ఉండేది ఈ చిన్న ఆసుపత్రే.

సేవలు పూర్తిగా ఆగక ముందే కొన్ని సూచనలు కనబడతాయి. "ఈ నెల కార్డు కోటా అయిపోయినది" అంటారు. "మంచాలు లేవు, రెండు వారాలాగి రండి" అంటారు. పరీక్షలకు విడిగా డబ్బు కట్టించుకుంటారు. ఈ చివరి పని నిబంధనలకు విరుద్ధం.

ఇది మన రాష్ట్రపు జబ్బు ఒక్కటే కాదు. తెలంగాణాలో 2023 డిసెంబరులో పరిమితిని రు. 10 లక్షలు చేశారు. 2025 సెప్టెంబరులో అక్కడి ఆసుపత్రులు బాకీల కోసం సేవలు ఆపినవి. హర్యానాలో 2025 ఆగస్టులో ఆయుష్మాన్ కార్డుల మీదనే ప్రైవేటు ఆసుపత్రులు వైద్యం నిలిపినవి. అక్కడ ఢిల్లీలో, రాష్ట్రంలో ఒకే పార్టీ ప్రభుత్వం. కాబట్టి దీనిని పార్టీల తగవుగా మాత్రమే చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది.

అమెరికాలో పిల్లలున్న సభ్యులు మన జిల్లాలలో తక్కువేమీ కాదు. అక్కడ కూడా ఇదే చర్చ. పేదలకు మెడికెయిడ్ అనే పథకం ఉన్నది. ఒక్కొక్క రాష్ట్రం ఖర్చులో కనీసం సగం కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, పేద రాష్ట్రాలకు ఇంకా ఎక్కువ ఇస్తుంది. మనకూ వారికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమంటే, అక్కడ కుటుంబానికి ఇంత అన్న హద్దు లేదు, జరిగిన ఖర్చు మీద వాటా వస్తుంది. 2025 జులై 4న సంతకమైన చట్టం ఆ నిధులను రానున్న సంవత్సరాలలో బాగా తగ్గిస్తున్నది. దాని వలన 2034 నాటికి సుమారు కోటి మంది ఆరోగ్య బీమా లేనివారవుతారని వారి పార్లమెంటు బడ్జెట్టు కార్యాలయమే లెక్క కట్టినది. అక్కడ కోత పడితే కార్డే పోతుంది. ఇక్కడ కార్డు చేతిలోనే ఉంటుంది, వైద్యం వెనక్కు జరుగుతుంది. రెండవది మంచిదని అనుకోవటానికి లేదు. కార్డు పోయినవాడికి తన పరిస్థితి తెలుసు. కార్డు ఉన్నవాడు గుండెనొప్పితో ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లిన తరువాత తెలుసుకుంటాడు.

ఇన్సూరెన్సు కంపెనీ వస్తే?

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఏర్పాటుకు ఆమోదం తెలిపినది. దాని ప్రకారం రు. 2.5 లక్షల వరకు ఇన్సూరెన్సు కంపెనీ చెల్లిస్తుంది, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు చెల్లిస్తుంది. అంటే 2007లో మొదలుపెట్టిన చోటికే కొంతవరకు తిరిగి వెళుతున్నాము. ఆసుపత్రికి బిల్లు త్వరగా వస్తుందన్నది దీనిలోని ఆశ. కాని కంపెనీ ఎక్కడినుంచో డబ్బు పుట్టించదు. ప్రభుత్వం ప్రీమియం కడితేనే అది చెల్లిస్తుంది. ప్రీమియం వాయిదా తప్పితే బాకీ పేరు మారుతుంది, అంతే. పైగా కంపెనీకి లాభం కావాలి గనుక క్లెయిములు త్రోసిపుచ్చే పట్టుదల పెరగవచ్చు. ప్రీమియం ఏటా ఏ నెలలో కట్టారు అన్నదే మనము చూడవలసిన అంకె.

పన్నుల మాట వచ్చినది గనుక ఒక చిన్న సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి, వెన్న మీద జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గినది. పనీరు మీద పూర్తిగా పోయినది. అదే రోజున సొంతంగా కొనుక్కునే ఆరోగ్య పాలసీల మీద ఉన్న 18 శాతం కూడా తీసివేశారు. పాడి రైతుగా మనము సంతోషించాము, అది న్యాయమే. జి.ఎస్.టి.లో సగం రాష్ట్రానిదని కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి. ఆసుపత్రి బిల్లు చెల్లించేది కూడా ఆ సంచీ లోనుంచే.

సహకార సంఘాలకు ఇందులో సొంత అనుభవం లేకపోలేదు. పొరుగున కర్ణాటకలో 2003లో యశస్విని అనే పథకం సహకార సంఘాల సభ్యులకోసం నడవటం మొదలైనది. సభ్యుడు నెలకు రు. 5 చొప్పున ఏడాదికి రు. 60 కట్టేవాడు, ప్రభుత్వం కొంత కలిపేది, ఎంపిక చేసిన ఆసుపత్రులలో ఆపరేషనులు జరిగేవి. పాల సంఘాల సభ్యులు దానిలో పెద్దసంఖ్యలో ఉండేవారు. 2018లో దానిని ప్రభుత్వ పథకంలో విలీనం చేశారు. సభ్యుల కోరిక మీద 2022లో మరల విడిగా ప్రారంభించారు, ఈసారి గ్రామీణ కుటుంబానికి చందా రు. 500. సభ్యుని చందా ఉన్నచోట సభ్యుడు లెక్క అడుగుతాడు. అయితే ప్రభుత్వ సాయం లేకుండా అది కూడా నడిచినది కాదు. మన యూనియన్లు ఇటువంటిది ఆలోచించదలిస్తే ఈ రెండు విషయాలూ తెలిసి ఆలోచించాలి.

సభ్యులు ఇప్పుడు చేయవలసినవి

ఇంట్లో 70 ఏళ్లు నిండినవారు ఉంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. 2024 అక్టోబరు నుంచి ఇది ఆదాయంతో, భూమితో, మోటారు సైకిలుతో నిమిత్తం లేకుండా ఆ వయసు వారందరికీ వర్తిస్తున్నది. ఆధారు కార్డు ఒక్కటి చాలును. దీనిలో కేంద్రం వాటా ఉన్నది గనుక, మన ముసలివారు ఎంతమంది నమోదైతే రాష్ట్రం మీద అంత బరువు తగ్గుతుంది. 2011 జాబితాలో లేని పాడి కుటుంబాలకు ఢిల్లీ సొమ్ము వచ్చే మార్గం ప్రస్తుతానికి ఇదే. దీనికి కూడా మొదటి రెండు ఆర్థిక సంవత్సరాలకు కేంద్ర, రాష్ట్రాల వాటాలు కలిపి అంచనా వేసిన ఖర్చు రు. 3,437 కోట్లు, వర్తించేది సుమారు 6 కోట్ల మందికి. సగటున తలకు రు. 573. కాబట్టి రేపు ఇక్కడ కూడా బిల్లులు వెనకబడితే ఆశ్చర్యపోనవసరం లేదు.

సేవలు ఆగినట్లు వినబడినప్పుడు రోగిని ఇంట్లో ఉంచి ఎదురుచూడవద్దు. ఆగేవి ప్రైవేటు ఆసుపత్రులు. కాకినాడ జనరల్ ఆసుపత్రి, రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రులు కూడా ఈ పథకంలో ఉన్నవే. ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు వైద్యమిత్ర కౌంటరు వద్ద పేరు నమోదు చేయించండి. చేర్చుకోము అంటే ఆ మాట ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు అన్నారో వ్రాసుకొని 104కు ఫోను చేయండి. ఆయుష్మాన్ కార్డు విషయమైతే 14555. పరీక్షలకు గాని, మందులకు గాని డబ్బు అడిగితే రశీదు లేకుండా ఇవ్వవద్దు.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. సభ్యులలో ఎవరికైనా కార్డు మీద వైద్యం నిరాకరిస్తే ఆ వివరం సంఘం తీర్మానాల పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఒక్కని ఫిర్యాదు దారిలో పోవచ్చును. ఇరవై సంఘాల తీర్మానాలు శాసనసభ్యునికీ, పార్లమెంటు సభ్యునికీ చేరితే వారు ఇద్దరూ వేరు వేరు ప్రశ్నలు అడగవలసి ఉంటుంది. శాసనసభ్యుడు అడగవలసినది, ఆసుపత్రుల బాకీ ఏ నెల వరకు తీర్చారు, ఇన్సూరెన్సు ప్రీమియం ఎప్పుడు కట్టారు అని. పార్లమెంటు సభ్యుడు అడగవలసినది, 2011 జాబితాను ఎప్పుడు మారుస్తారు, కుటుంబానికి ఇచ్చే వాటాను ఎప్పుడు పెంచుతారు అని. తీర్మానం వ్రాసేటప్పుడు ఈ రెండూ కలపకుండా విడివిడిగా వ్రాయండి. కలిపి వ్రాస్తే అమరావతి ఢిల్లీని చూపిస్తుంది, ఢిల్లీ అమరావతిని చూపిస్తుంది.